ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ కొనొచ్చా? ‘కంటేజియస్’ దగ్గర తెరిచి చూసి చెప్తున్నా

పోటీ పరీక్షలకి తయారయ్యే పిల్లలకి ఇంగ్లీష్ చెప్పడం నా పని. అందుకే కొత్త బ్యాచ్ మొదలైనప్పుడల్లా “సార్, ఏ డిక్షనరీ కొనమంటారు” అనే ప్రశ్న తప్పదు. జవాబు ముందే చెప్పేస్తా: ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ. 2020లో వచ్చిన పదో ఎడిషన్ కొనగలిగితే అది, లేదంటే అంతకుముందుదో దాని ముందుదో, అసలు కొనే పరిస్థితి లేకపోతే వాళ్ళ వెబ్‌సైట్ ఎలాగూ ఉచితం. అయితే ఇంత మెచ్చుకునే పుస్తకంలోనూ నాకు మింగుడుపడని చోటు ఒకటుంది, దాని గురించి కూడా వివరంగానే రాస్తాను.

డిక్షనరీ బాగోగులు తెలుసుకోవడానికి దాన్ని మొదటి పేజీ నుంచి చదవక్కర్లేదు, ఒక మాట పట్టుకుని దాని చుట్టాలందర్నీ పలకరించి వస్తే చాలు. నేను పట్టుకునే మాట ‘కంటేజియస్’. ఎందుకంటే పాకడం, వ్యాపించడం అనే అర్థం చుట్టూ ఇంగ్లీష్‌లో విశేషణాలు పెద్ద గుంపే ఉన్నాయి. ఇన్‌ఫెక్షియస్, క్యాచింగ్, కమ్యూనికబుల్, రాంపెంట్, రైఫ్, వైడ్‌స్ప్రెడ్, పర్వేసివ్, ఎండెమిక్, ఇంకా ఉన్నాయి. మన దగ్గర బజార్లో దొరికే వర్డ్ లిస్టుల్లో వీటిలో సగానికి ‘విస్తృతమైన’, మిగతా సగానికి ‘అంటుకునే’ అని రాసి వదిలేస్తారు. పిల్లవాడు అది బట్టీ పట్టి, ప్రభుత్వ పథకానికి ప్రజల నుంచి ‘రాంపెంట్ సపోర్ట్’ వచ్చిందని వ్యాసంలో రాస్తాడు. తప్పు వాడిది కాదు. లిస్టులో రాంపెంట్‌కీ వైడ్‌స్ప్రెడ్‌కీ ఒకే తెలుగు మాట ఉంటే వాడు మాత్రం ఏం చేస్తాడు?

అదే ఈ ఆక్స్‌ఫర్డ్ పుస్తకంలో రాంపెంట్ దగ్గర తెరిస్తే, అర్థం చెప్పడానికి ముందే ఇది చెడ్డవాటి గురించి వాడే మాట అని చెప్తుంది. ఆ తర్వాతే, అదుపు లేకుండా అంతటా పాకిపోవడం అని అర్థం. ఇన్‌ఫ్లేషన్, నిరుద్యోగం లాంటి మాటల పక్కన పెట్టి చూపిస్తుంది. రెండో అర్థంగా మొక్కల సంగతి కూడా ఉంది, ఆపలేనంత వేగంగా దట్టంగా పెరిగేవి. కృష్ణా డెల్టా కాల్వల్లో గుర్రపుడెక్క చూసినవాళ్ళకి ఈ రెండో అర్థం మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేదు, నేను క్లాసులో ముందు గుర్రపుడెక్క చెప్పి ఆ తర్వాతే అవినీతికి వస్తాను. ఈ మాట పాత ఫ్రెంచ్‌లో పాకడం, ఎగబాకడం అనే క్రియ నుంచి వచ్చింది. స్కాట్లండ్ రాజపతాకం మీద వెనక కాళ్ళ మీద లేచి పంజా విసిరే సింహం ఉంటుంది చూడండి, దాన్ని కూడా ‘లయన్ రాంపెంట్’ అనే అంటారు. ఈ ముక్క పరీక్షలో రాదు గానీ ఒకసారి విన్న పిల్లవాడు రాంపెంట్‌ని మంచి పనికి వాడడు.

వైడ్‌స్ప్రెడ్ అలా కాదు, అది నష్టానికీ నప్పుతుంది, మద్దతుకీ నప్పుతుంది. ఎక్కువ మేర, ఎక్కువ మందిలో అని మాత్రమే చెప్పి మంచీ చెడూ మనకే వదిలేస్తుంది. ఇక రైఫ్ ఉంది చూశారూ, అది చెడ్డదానికే వాడతారు, పైగా నామవాచకం ముందు పెట్టకూడదు. ‘కరప్షన్ ఈజ్ రైఫ్’ అనొచ్చు, ‘రైఫ్ కరప్షన్’ అనకూడదు. ఈ పుస్తకం బ్రాకెట్లో చిన్న అక్షరాలతో ‘నాట్ బిఫోర్ నౌన్’ అని వేస్తుంది. తెలుగులో మనకి ఈ గొడవే లేదు కాబట్టి (ఎర్ర పువ్వు, పువ్వు ఎర్రగా ఉంది, రెండూ చెల్లుతాయి) ఆ చిన్న అక్షరాల మీదికి మన కళ్ళు పోవు. నన్నడిగితే పుస్తకం మొత్తం మీద తెలుగువాళ్ళకి అన్నిటికంటే పనికొచ్చేవి ఆ బ్రాకెట్లే. బ్యాంకు పరీక్షల్లో, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పరీక్షల్లో తప్పు కనిపెట్టమని ఇచ్చే వాక్యాల్లో సరిగ్గా ఇలాంటి చోటే గురి పెడతారు.

ఈ పుస్తకం ఎందుకిలా తయారైందో దాని పుట్టుక చూస్తే తెలుస్తుంది. ఎ. ఎస్. హార్న్‌బీ అనే ఇంగ్లీషాయన జపాన్‌లో ఇంగ్లీష్ పాఠాలు చెప్తూ, ఇంగ్లీష్ పుట్టుభాష కానివాళ్ళకి ఏం కావాలో చూసి, ఇంకో ఇద్దరితో కలిసి తయారు చేశాడు. 1942లో టోక్యోలో కైతకుషా అనే ప్రచురణ సంస్థ వేసింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు తమ పేరు మీద తెచ్చారు. అంటే లండన్ దొరల కోసం రాసి తర్వాత మనకి పంచింది కాదు, మొదటి నుంచీ మనలాంటివాళ్ళ కోసమే రాసిన పుస్తకం. అర్థాలు రాయడానికి కూడా ఒక మూడు వేల మాటల హద్దు పెట్టుకున్నారు, దాన్ని ఆక్స్‌ఫర్డ్ 3000 అంటారు. కాబట్టి ఒక కష్టమైన మాటకి అర్థం చూస్తే అందులో ఇంకో కష్టమైన మాట, దానికి చూస్తే మళ్ళీ మొదటిదే, అలా తిరిగి తిరిగి తల బరువెక్కడం ఇందులో చాలా తక్కువ.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. గూగుల్‌లో మాట కొట్టగానే పైన పెట్టెలో వచ్చే అర్థం ఆక్స్‌ఫర్డ్‌దే కదా, ఇంక కొనడమెందుకు అంటారు. అది ఆక్స్‌ఫర్డ్‌దే, కాదనను. కానీ అది ఇంగ్లీష్ పుట్టుకతో వచ్చినవాళ్ళ కోసం చేసిన వేరే డిక్షనరీ. దాంట్లో నేను చెప్పిన బ్రాకెట్లు, మూడు వేల మాటల హద్దు ఉండవు. లెర్నర్స్ డిక్షనరీ వెబ్‌సైట్ వేరే ఉంది, అందులో బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండూ వినొచ్చు, ఉదాహరణలు అచ్చు పుస్తకం కంటే ఎక్కువ ఉంటాయి.

సరే, కంటేజియస్‌కి వద్దాం. నాకు మింగుడుపడనిది ఇక్కడే ఉంది.

నా దగ్గరున్న ఎడిషన్ ప్రకారం కంటేజియస్ అంటే మనుషులు ఒకర్నొకరు తాకడం వల్ల వ్యాపించే జబ్బు. ఇన్‌ఫెక్షియస్ దగ్గరికెళ్తే, ఒకరి నుంచి ఒకరికి తేలిగ్గా, ముఖ్యంగా పీల్చే గాలి ద్వారా వచ్చేది అని ఉంటుంది. రెండు చోట్లా ఒకదాన్ని ఇంకోదాంతో పోల్చి చూడమని సూచన కూడా ఉంది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో, తాకితే ఇది, గాలికైతే అది. పిల్లలకి చెప్పడానికీ సులువే. కొబిల్డ్ డిక్షనరీ కూడా ఇంచుమించు ఇదే గీత గీస్తుంది, కాబట్టి ఇది ఆక్స్‌ఫర్డ్ వాళ్ళొక్కరి పట్టుదల కాదు. కానీ అదే ఆక్స్‌ఫర్డ్ పేజీలో కంటేజియస్ కింద ఇచ్చిన ఉదాహరణ ఏంటో తెలుసా? స్కార్లెట్ ఫీవర్. అది ముఖ్యంగా దగ్గు, తుమ్ము తుంపర్లతో వచ్చే జబ్బు! అర్థంలో గీసిన గీతని ఉదాహరణే దాటేసింది.

అసలు డాక్టర్లు ఈ రెండు మాటల్నీ వాడే పద్ధతే వేరు. వాళ్ళ లెక్కలో ఇన్‌ఫెక్షియస్ అంటే సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు ఏదైనా సరే. ఆ జబ్బుల్లో మనిషి నుంచి మనిషికి పాకేవి మాత్రమే కంటేజియస్, అది చేతి ద్వారానా గాలి ద్వారానా అన్నది తర్వాతి సంగతి. మలేరియా, డెంగీ చూడండి. రెండూ ఇన్‌ఫెక్షియస్ జబ్బులే, కానీ రోగి పక్కన కూర్చుంటే మనకి రావు, మధ్యలో దోమ ఉండాలి, కాబట్టి కంటేజియస్ కావు. ధనుర్వాతం సూక్ష్మజీవి వల్లే వస్తుంది, గాయంలోంచి వస్తుంది, మనిషి నుంచి మనిషికి రాదు. ఇటు తట్టు (మీజిల్స్) చూడండి, గాలి ద్వారా పాకేదే, వైరస్ గదిలో గాలిలో రెండు గంటల దాకా ఉండగలదు, రక్షణ లేనివాళ్ళు పదిమంది దగ్గరగా మెలిగితే తొమ్మిది మంది దాకా దాని బారిన పడతారు. దాన్ని ప్రపంచంలో డాక్టర్లందరూ ‘హైలీ కంటేజియస్’ అనే అంటారు. డిక్షనరీ అర్థం పట్టుకుని కూర్చుంటే మీజిల్స్‌ని కంటేజియస్ అనకూడదు మరి!

రెండు మాటలూ ఒకటే కదా సార్ అని వాదించే పిల్లలకి నేనొక చట్టం పేరు చెప్తాను. 2009లో పశువుల జబ్బుల మీద కేంద్రం ఒక చట్టం చేసింది, దాని పేరులోనే ‘ఇన్‌ఫెక్షియస్ అండ్ కంటేజియస్ డిసీజెస్ ఇన్ యానిమల్స్’ అని రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటే అయితే రెండూ ఎందుకు రాస్తారు? పల్లెటూరి పిల్లలకి ఇది ఇంకా త్వరగా ఎక్కుతుంది. గాలికుంటు ఒక పశువుకి వస్తే దొడ్డంతా పాకుతుందని వాళ్ళకి తెలుసు, పేరులోనే గాలి ఉంది. లంపీ స్కిన్ వచ్చినప్పుడు ఈగలు, దోమలు రాకుండా పొగ వెయ్యమని చెప్పడం కూడా చూసే ఉంటారు, ఎందుకంటే అది ఎక్కువగా కుట్టే పురుగులతో పాకుతుంది. ఈ రెండు జబ్బుల మధ్య తేడా తెలిసిన రైతుబిడ్డకి రెండు ఇంగ్లీష్ మాటల మధ్య తేడా చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు.

అలాగని డిక్షనరీ చెప్పింది శుద్ధ తప్పు అనడం కూడా న్యాయం కాదు. కంటేజియస్ పుట్టింది లాటిన్‌లో ‘తాకు’ అనే ధాతువు నుంచే. వెబ్‌సైట్‌లో ఆ పేజీ కింద వర్డ్ ఆరిజిన్ అని ఉన్నచోట నొక్కితే చూపిస్తుంది. మన ‘అంటు’ కూడా అంతే కదా, అంటడం అంటే తాకడం, అందుకే అంటువ్యాధి అయింది. ఆ మూలార్థం మీద అభిమానం కొద్దీ డిక్షనరీలు తాకడం దగ్గరే ఆగిపోయాయని నా అనుమానం. మామూలు ఇంగ్లీష్ మాట్లాడేవాళ్ళు రెండూ కలిపే వాడేస్తారు, అదీ నిజమే. పోటీ పరీక్ష రాసేవాడికి డిక్షనరీ గీత సరిపోతుంది. కానీ నర్సింగ్ చదివే పిల్లలు, ఫార్మసీ వాళ్ళు, విదేశాలకి వెళ్ళడానికి ఓఈటీ (వైద్యరంగం వాళ్ళకి పెట్టే ఇంగ్లీష్ పరీక్ష) రాసేవాళ్ళు మాత్రం ఈ ఒక్కచోట పుస్తకం మీద ఆధారపడొద్దు, మీ పాఠ్యపుస్తకం చెప్పిందే పట్టుకోండి.

కంటేజియస్ దగ్గరే ఇంకో అర్థం ఉంది, అక్కడ మాత్రం ఈ పుస్తకానికి దండం పెట్టాలి. జబ్బుకే కాదు, మనిషికి కూడా ఈ మాట వాడతారని విడిగా ఇచ్చింది, అలా వాడేటప్పుడు మామూలుగా నామవాచకం ముందు రాదని కూడా చెప్పింది. ‘షీ ఈజ్ నో లాంగర్ కంటేజియస్’ అనే వాక్యం తీసుకోండి. ఆమె నుంచి ఇంక ఇతరులకి రాదు అని. ఇది ఒక సమయానికి కట్టుబడిన మాట, నిన్న ఉండొచ్చు, ఇవాళ పోవచ్చు. దీన్ని ‘ఆమెకి అంటురోగం’ అని తెలుగులోకి దించేస్తే మనిషి మీద ముద్ర పడిపోతుంది. అంటు అనే మాటకి మన దగ్గర ఉన్న చరిత్ర తెలిసిందే, అంటరానితనం కూడా అందులోంచి వచ్చిందే. క్షయ రోగి సరైన మందులు మొదలుపెట్టిన కొద్ది వారాలకే చాలావరకు ఇతరులకి అంటించే స్థితి దాటిపోతాడు, జబ్బు పూర్తిగా తగ్గడానికి నెలలు పడుతుంది. అంటే జబ్బు ఉంది, కంటేజియస్ కాదు. కుష్ఠు కూడా మందులు మొదలుపెట్టాక అంతే. ఈ తేడా ఇంట్లోవాళ్ళకి చెప్పలేక, రోగిని గిన్నె, గ్లాసు వేరు పెట్టి వసారాలో కూర్చోబెట్టిన ఇళ్ళు ఎన్నో. ఆస్పత్రుల్లో అనువాదం చేసేవాళ్ళు, హెల్త్ వార్తలు రాసేవాళ్ళు “ప్రస్తుతం ఈమె నుంచి ఇతరులకు సోకదు” అని పొడుగ్గా రాయండి, పరవాలేదు.

‘కమ్యూనికబుల్’ ఈ గుంపులో ఆఫీసు మాట. ఇంట్లో ఎవరూ అనరు, సర్కారు కాగితాల్లో ఉంటుంది. ఊళ్ళో ఏఎన్ఎమ్‌లు, ఆశా వర్కర్లు ఎన్‌సీడీ సర్వే అని ఇంటింటికీ వచ్చి బీపీ, షుగర్ చూస్తారు కదా, ఆ ఎన్‌సీడీలో మధ్య అక్షరం ఇదే, నాన్ కమ్యూనికబుల్, ఒకరి నుంచి ఒకరికి రానివి. హిందూ వివాహ చట్టంలో విడాకులకి చెప్పిన కారణాల్లో సుఖవ్యాధి ‘ఇన్ ఎ కమ్యూనికబుల్ ఫార్మ్’ ఉండటం ఒకటి. కుష్ఠు కూడా ఆ జాబితాలో ఉండేది, 2019లో తీసేశారు. దీనికి పూర్తి విరుద్ధంగా ‘క్యాచింగ్’ అనేది ఇంటిమాట. ‘ఈజ్ ఇట్ క్యాచింగ్?’ అని తల్లి డాక్టర్ని అడిగే మాట, మన “ఇది పిల్లలకి కూడా వస్తుందాండీ” లాంటిది. ఇది కూడా నామవాచకం ముందు రాదు, పుస్తకం ఆ సంగతి మర్చిపోకుండా చెప్పింది.

జబ్బు వదిలేసి మనసు వైపు వెళ్తే ఈ మాటలు ఒక్కసారిగా మంచివైపోతాయి, అది ఇంగ్లీష్‌లో నాకు నచ్చే సంగతి. ఇన్‌ఫెక్షియస్ లాఫ్ అంటే మెచ్చుకోలు. ఆమె ఉత్సాహం కంటేజియస్ అంటే పొగడ్త. భయానికి, కంగారుకి కంటేజియస్ ఎక్కువ వాడతారు, నవ్వుకి రెండూ నడుస్తాయి. తెలుగులో “ఆయన నవ్వు అంటువ్యాధి లాంటిది” అని రాస్తే మాత్రం చదివినవాడు మొహం చిట్లిస్తాడు, కొన్ని అనువాదాల్లో ఇలాగే కనిపిస్తుంది పాపం. “ఆయన నవ్వితే పక్కవాళ్ళకీ నవ్వొచ్చేస్తుంది” అంటే సరిపోదా? కంటేజియస్ యానింగ్ అనే మాట వచ్చినప్పుడు మాత్రం మన సామెతే హాయిగా సరిపోతుంది: ఆవులింతకు అన్న ఉన్నాడు గానీ తుమ్ముకు తమ్ముడు లేడు. ఒకరు ఆవులిస్తే రెండోవాడికి వస్తుందని, తుమ్ముకి ఆ గుణం లేదని మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టి పెట్టారు. (తుమ్ముతో జలుబు పాకుతుంది లెండి, తుమ్ము పాకదు.)

బ్యాంకు పరీక్షలవాళ్ళకి నామవాచక రూపం ‘కంటేజియన్’ కూడా కావాలి. 1997 జులైలో థాయ్‌లండ్ తన కరెన్సీ బాత్‌ని డాలర్ కట్టు నుంచి వదిలేశాక ఆ దెబ్బ ఇండోనేసియా, మలేసియా, దక్షిణ కొరియాల దాకా పాకింది, దాన్ని ఆర్థికశాస్త్రంలో కంటేజియన్ అంటారు. లెర్నర్స్ డిక్షనరీలో చెడు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకడం అన్నంతవరకే ఉంటుంది, ఈ కథంతా ఉండదు, ఉండాలని ఆశించడం కూడా తప్పే.

ఇలాంటి శాఖల మాటల దగ్గరే ఏ సాధారణ డిక్షనరీ అయినా చేతులెత్తేస్తుంది. నాకు ఇష్టమైన ఉదాహరణ వైడ్‌స్ప్రెడ్. పుస్తకంలో ‘ఎక్కువ ప్రాంతంలో’ అని ఉంటే చాలు, కానీ మన వాతావరణ శాఖ బులెటిన్‌లో అది కొలత ఉన్న మాట. ఆ ప్రాంతంలోని వర్షం కొలిచే కేంద్రాల్లో 76 నుంచి 100 శాతం చోట్ల వాన పడితేనే వైడ్‌స్ప్రెడ్. 51 నుంచి 75 అయితే ఫెయిర్లీ వైడ్‌స్ప్రెడ్, 26 నుంచి 50 అయితే స్కాటర్డ్, 25 లోపు అయితే ఐసొలేటెడ్. టీవీలో ‘చాలా చోట్ల’, ‘ఒకటి రెండు చోట్ల’ అని చదివేది ఈ లెక్కల్నే. తుఫాను రోజుల్లో ‘ఐసొలేటెడ్ హెవీ రెయిన్’ అన్న మాట చూసి మన ఊరికి రాదులే అనుకునేవాళ్ళున్నారు, అది ఎన్నిచోట్ల పడుతుందో చెప్పే మాట, పడ్డచోట ఎంత పడుతుందో చెప్పేది ‘హెవీ’.

పర్వేసివ్ గురించి రెండు ముక్కలు. ఒకదాని గుండా చొచ్చుకుపోయి మెల్లగా ప్రతి మూలకీ చేరడం దీని అర్థం, ఇంట్లో చెమ్మ వాసన లాంటి ఉదాహరణ ఇచ్చారు, చక్కగా ఉంది. మన ఇంగ్లీష్ ఉపన్యాసాల్లో దేవుణ్ణి ఆల్ పర్వేసివ్ అంటారు, స్తంభంలో కూడా ఉన్నాడని ప్రహ్లాదుడు చెప్పిన అర్థంలో. బయట మాత్రం ఈ మాట ఎక్కువగా వాసనలకీ, పలుకుబడికీ, పోగొట్టడం కష్టమైన అలవాట్లకీ వాడతారు. ఎండెమిక్ దగ్గర పిల్లలు తడబడతారు, ఎపిడెమిక్ పక్కన కనిపిస్తుంది కాబట్టి పాకేదే అనుకుంటారు. అది ఒకచోట పాతుకుపోయినది. కోస్తాలో బోదకాలు అలాంటిదే. శేషాచలం కొండల ఎర్రచందనాన్ని కూడా ఎండెమిక్ అనే అంటారు, ఆ చుట్టుపక్కల తూర్పు కనుమల్లో తప్ప సహజంగా పెరగదు కాబట్టి.

తెలుగు అర్థం లేని డిక్షనరీ మాకెందుకు సార్ అనేవాళ్ళకి: ఆ కోరిక న్యాయమైనదే, దానికి వేరే దారి ఉంది. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో ఇంగ్లీష్ మాట కొడితే బ్రౌన్ దొర నిఘంటువు, శంకరనారాయణ, వేమూరి, ఇంకా చాలా నిఘంటువుల అర్థాలు ఒకేసారి వస్తాయి, పైసా ఖర్చు లేదు. బ్రౌన్‌ది పంతొమ్మిదో శతాబ్దపు తెలుగు, శంకరనారాయణ తాతల కాలం నుంచి ఇళ్ళలో ఉన్న పుస్తకం, వేమూరిది సైన్సు మాటలకి బాగుంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో వాడుక చూసి, ఆంధ్రభారతిలో తెలుగు మాట వెతుక్కుంటే పని అయిపోతుంది. ఫోన్‌లో ఉచితంగా దొరికే ఇంగ్లీష్ టు తెలుగు యాప్‌లు కొన్ని చూశాను, పేర్లెందుకు గానీ, ఒక మాటకి ఒక ముక్క అర్థం, మధ్యలో రెండు ప్రకటనలు, ఉచ్చారణ నొక్కితే రోబో గొంతు. కంటేజియస్‌కి ‘అంటు’ అని వచ్చింది, అంతే, అంట్లగిన్నెల అంటో అంటుమామిడి అంటో మనమే తేల్చుకోవాలి.

పుస్తకం బరువు గురించి కూడా చెప్పాలి. బ్యాగులో వేసుకుని కోచింగ్‌కి మోసుకెళ్ళేది కాదు, ఇంట్లో టేబుల్ మీద ఉండాల్సింది. కాగితం పల్చన, అక్షరాలు చిన్నవి, నా వయసువాళ్ళకి కళ్ళద్దాలు తప్పవు. పదో తరగతి లోపు పిల్లలకి ఇది కొనకండి, ఎక్కువైపోతుంది, దీనికంటే చిన్న లెర్నర్స్ డిక్షనరీలు ఉన్నాయి. ఇంటర్ నుంచి పైకి, గ్రూప్స్, బ్యాంకు, ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్ళకి సరిగ్గా సరిపోతుంది. ఇంగ్లీష్ మీడియంలో చదివి మాటలు తెలిసినా వాక్యంలో ఎక్కడ పెట్టాలో తడబడేవాళ్ళకి ఇంకా ఎక్కువ ఉపయోగం.

హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, కోఠీలో, విజయవాడలో పాత పుస్తకాల షాపుల్లో వెనకటి ఎడిషన్లు బాగా తక్కువకి దొరుకుతాయి. పదేళ్ళ కిందటి ఎడిషన్ అయినా ఏం కాదు, రాంపెంట్, రైఫ్‌ల వాడుక ఏమీ మారలేదు, కొత్తగా చేరిన మాటలు మాత్రం వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. కొనేటప్పుడు అచ్చు మసకగా, కాగితం గరుకుగా ఉంటే అది దొంగ ప్రతి అయ్యుండొచ్చు, వదిలెయ్యండి, ఆ చిన్న బ్రాకెట్లు వాటిలో కనపడవు. మధ్యలో ఉండే రంగుల బొమ్మల పేజీలు ఉన్నాయో చింపేశారో తిరగేసి చూడండి. పదో ఎడిషన్‌తో ఆన్‌లైన్‌కి, యాప్‌కి ఒక కోడ్ ఇస్తారు, సెకండ్ హ్యాండ్ ప్రతిలో దాన్ని ముందు కొన్నవాళ్ళు వాడేసి ఉంటారు, కోడ్ ఉంది కదా అని షాపువాడు ఎక్కువ అడిగితే ఇవ్వకండి.